ఉప్పు సముద్రం పక్కన తీపి నుయ్యి

విశాఖపట్నం చూసిన వాళ్ళందరూ డాల్ఫిన్స్ నోస్ కొండను చూసే వుంటారు. ఓడరేవు వాకిట్లో సముద్రంలోకి ముక్కు సాచుకుని పడుకున్న ఆ కొండా, దానిమీది దీపస్తంభమూ లేకుండా విశాఖ బొమ్మ ఎవరూ గియ్యరు. కాని ఆ కొండ వీపు వెనక ఏముందని అడిగితే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు. ఆ వెనక వున్నదే యారాడ. మూడు వైపులా కొండలు, నాలుగో వైపున బంగాళాఖాతం. సింధియా కూడలి దాటి, కొండెక్కే ఘాటు రోడ్డు పట్టి, మలుపులన్నీ తిరిగి పైకి చేరేసరికి ఒక్కసారిగా కొబ్బరి తోపులూ, వాటి వెనక ఇసుకా, ఆ వెనక అంతులేని నీలమూ కనిపిస్తాయి. మొదటిసారి చూసినవాళ్ళు "అబ్బ!" అనకుండా వుండలేరు. నేను నూరుసార్లు చూశాను కాబోలు, ఇప్పటికీ అంటాను.

మా అక్కను ఆ వూరే ఇచ్చాము. అప్పటికి నేను హైస్కూలు చదువుతున్నాను. పెళ్ళి హడావిడిలో నా దాహం ఎవరికీ పట్టలేదు గనక నేనే పెరట్లోకి వెళ్ళి, నూతిలో చేద వేసి లాగాను. సముద్రం అక్కడికి రెండు ఫర్లాంగులు కూడా వుండదు. అలల చప్పుడు చెవిలో హోరుమంటోంది. ఇంత దగ్గర నీళ్ళు ఉప్పుకషాయంలా వుంటాయని భయపడుతూ పెదవికి తగిలించుకుని చూశాను. లేత కొబ్బరినీళ్ళలా వున్నాయి! చెవిలో సముద్రమూ, నోట్లో తీపీ - ఆ రెండూ ఒకచోట ఎట్లా కుదిరాయన్న ప్రశ్న ఆనాడే నా మనసులో పడి వుండాలి. కాని తెలుగు ఎమ్.ఏ. చదివినవాడికి అట్లాంటి ప్రశ్నలు ఎవరు వేస్తారు? అంచేత ముప్ఫై ఏళ్ళు అది అట్లాగే వుండిపోయింది.

కిందటేడు ఏప్రిల్లో అక్క దగ్గరనుంచి ఫోను వచ్చింది. "తమ్ముడూ, ఒకసారి రా. ఇంట్లో తండ్రీ కొడుకులకు మాటలు లేవు" అంది.

వెళ్ళేసరికి సంగతి ఇది. మా మేనల్లుడు చదువు ముగించి రెండేళ్ళు వూళ్ళు తిరిగి, ఉద్యోగం నచ్చక ఇంటికి వచ్చాడు. యారాడ బీచికి సెలవు రోజుల్లో జనం విరగబడి వస్తున్నారు గదా, ఇంటి వెనక నాలుగు గదులు వేసి అద్దెకిద్దామని వాడి ఆలోచన. బ్యాంకు అప్పుకు కాగితాలు కూడా సిద్ధం చేసుకున్నాడు. నాలుగు గదులంటే నాలుగు స్నానాల గదులు. వాటికి నీళ్ళు కావాలి. అందుకని పెరట్లో రెండువందల అడుగుల బోరు వేయిద్దామంటాడు. బావగారు ససేమిరా అంటారు. నీళ్ళు చాలవని కాదు, అప్పు చెయ్యటం ఆయనకు ఇష్టం లేదు. నీళ్ళ విషయంలో మాత్రం తండ్రికీ కొడుకుకూ భేదాభిప్రాయం లేనేలేదు.

"నీళ్ళకేం మావయ్యా!" అన్నాడు మేనల్లుడు. "ఎదురుగా సముద్రం వుంది. ఆ నీరే ఇసుకలో వడకట్టుకుని నూతిలోకి తియ్యగా వస్తోంది. ఎంత తోడినా తరిగేదా?"

"అది నిజమే" అన్నారు బావగారు అయిష్టంగా. "మా తాతగారు కూడా అదే చెప్పేవారు."

మా అక్క మాత్రం నూతి గట్టు మీద కూర్చుని చేంతాడు చుట్టుకుంటూ, "మీ గదులు మీ ఇష్టం. నా నూతికేమీ కాకుండా వుంటే చాలు" అంది. ఆమె భయానికి కారణం లేకపోలేదు. ఇంకా దిగువన, సముద్రానికి మరీ దగ్గరగా, ఒకాయన కొన్నేళ్ళ క్రిందట లోతుగా బోరు వేయించాడు. రెండేళ్ళు నీళ్ళు బ్రహ్మాండంగా వచ్చాయి. మూడో ఏడు వేసవిలో పప్పు ఉడకటం మానేసింది. ఆ తరవాత మల్లెపాదులు మాడిపోయాయి. ఇప్పుడా నీళ్ళు గిన్నెలు తోమటానికి తప్ప పనికిరావు.

"మావయ్య చదువుకున్నవాడు, మావయ్యనే చెప్పమనండి" అన్నాడు వాడు.

నేను చదువుకున్నది ప్రబంధాలు. అయినా పెద్దరికం నిలబెట్టుకోవాలి గనక, ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళమని నీటి జాడల మీద ఒక అధ్యాయమే రాశాడని మొదలుపెట్టాను. ఏ చెట్టుకు ఏ దిక్కున పుట్ట వుంటే ఎన్ని బారల లోతున జల పడుతుందో చెప్పాడనీ, మనిషి ఒంట్లో నరాల్లాగే భూమిలోనూ నీటి నాళాలున్నాయన్నాడనీ వివరించాను. మేనల్లుడు ఓపిగ్గా విని, "అయితే బోరు వెయ్యమంటావా, వద్దంటావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి డాబా మీద పడుకుంటే నాకు నిద్ర పట్టలేదు. వాడి బతుకుతెరువు, అక్క నుయ్యి - రెండూ నా నోటి మాట మీద ఆధారపడితే ఎట్లా?

మా కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే లెక్చరరుగారు నాకు మంచి స్నేహితుడు. సోమవారం స్టాఫ్ రూములో ఆయన్ను పట్టుకుని సంగతంతా చెప్పాను. ఆయన విన్నంతసేపూ విని నవ్వారు.

"సముద్రం నీరు ఇసుకలో వడకట్టుకుని తియ్యనవుతుందని మీ బావగారి తాతగారొక్కరే కాదు, యూరపులో మహామహులు కూడా చాలాకాలం నమ్మారు. కొండల్లో ఊటలు ఎక్కడనుంచి వస్తున్నాయంటే, సముద్రం నేల కిందనుంచి పాకి, ఉప్పు వదిలేసి, పైకి ఎక్కి వస్తోందనేవారు. ఇసుక చెత్తను ఆపుతుంది, మట్టిని ఆపుతుంది. నీళ్ళలో కరిగిపోయిన ఉప్పును మాత్రం ఆపలేదు. కావలిస్తే ఇంట్లో గ్లాసెడు ఉప్పునీళ్ళు ఇసుకలోంచి వడబొయ్యండి."

ఆ రాత్రే వడబోశాను. మా ఆవిడ "ఏమిటీ పిచ్చి?" అంది. నీళ్ళు తేటగా, మహా ఉప్పగా దిగాయి.

మరైతే నూతిలోది ఏ నీరు? వాన నీరేనట. పెద్ద నదులు కూడా వానమీదే బతుకుతున్నాయని కొలిచి చూపించినవాడు పియేర్ పెరో అనే ఫ్రెంచి పెద్దమనిషి. 1674లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన, సెన్ నది పుట్టేచోట ఏడాదికి ఎంత వాన పడుతుందో, ఆ నదిలో ఎంత నీరు పారుతుందో లెక్కగట్టాడు. పారే నీటికి ఆరు రెట్ల వాన కురుస్తోందని తేలింది. మీ పిల్లలు సిండ్రెల్లా కథ చదివి వుంటారు. ఆ కథ రాసిన షార్ల్ పెరో ఈయన తమ్ముడే. ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో తమ్ముడు గుమ్మడికాయను బండి చేశాడు, అన్న నది లెక్క తేల్చాడు. నాకు తమ్ముడంటేనే ఇష్టం. కాని మా అక్క నూతికి అన్నగారే పనికొచ్చాడు. వరాహమిహిరుడూ ఈ విషయంలో పొరపడలేదు సుమండీ. ఆకాశంనుంచి పడే నీటికి రంగూ రుచీ ఒకటేననీ, నేలనుబట్టి అది మారుతుందనీ ఆయన అదే అధ్యాయంలో చెప్పాడు.

జూన్‌లో తొలకరి పడ్డాక లెక్చరరుగారు యారాడ వచ్చారు. తన విద్యార్థుల్ని కూడా అరడజనుమందిని తీసుకొచ్చారు. అందరం కలిసి వూరి వెనకనున్న గెడ్డ వెంట పైకి నడిచాం. (గెడ్డ అంటే తెలియని దక్షిణాది జిల్లాల పాఠకులకు - మా ఉత్తరాంధ్రలో వాగును గెడ్డ అంటాం.) ముందురోజు రాత్రి వాన పడింది. ఆ రాత్రి గెడ్డ ఎర్రగా కాఫీ డికాషన్‌లా పరుగెత్తిందని అక్క చెప్పింది. మేం వెళ్ళేసరికి ఎరుపు పోయింది. వేలెడు మందాన నీరు తేటగా రాళ్ళమధ్య పారుతోంది.

"వాన ఎప్పుడో ఆగింది. ఇంకా ఈ నీళ్ళెక్కడివి?" అని ఆయన విద్యార్థుల్ని అడిగారు. నన్నూ అడిగినట్టే చూశారు. నేను తల పక్కకు తిప్పుకున్నాను.

వాన నీటికి రెండు దార్లున్నాయట. ఒకటి నేలమీది దారి - పడగానే పల్లం వెతుక్కుని, మట్టిని కూడా ఎత్తుకుని, గంటల్లో సముద్రంలో పడేది. రెండోది నేలలోని దారి - ఇంకి, మెల్లగా దిగి, రాతిమీద ఆగి, పక్కకు జారి, రోజులకో నెలలకో బయటపడేది. రాత్రి చూసిన ఎర్రనీరు మొదటిది. ఆ పూట చూస్తున్న తేటనీరు రెండోది. పాత వానల నీరు అన్నమాట. వానలు లేని మాఘమాసంలో కూడా ఏ గెడ్డయినా పారుతోందంటే అది నేల దాచిపెట్టి ఇస్తున్న నీరే. సింహాచలంలో గంగధార, ఆ కొండకే మరో పక్కన మాధవధార - మనం భక్తితో తల పట్టే ఆ ధారలు కూడా ఇట్లా కొండ తాగి విడిచిపెడుతున్నవే.

కొండ నీరు తాగటం ఏమిటి, రాయి గదా? ఆయన సుత్తితో ఒక రాతిని తట్టారు. ఖంగుమంది. పది గజాల అవతల అట్లాంటి రాతినే బూటు కాలితో తన్నారు. పొడిపొడిగా రాలింది. రెండూ ఒకటేనన్నారు. ఈ రాతికి ఖొండలైటని పేరు. ఖోండు గిరిజనుల పేరుమీదుగా 1902లో వాకర్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు పెట్టాడు. కోణార్కలో సూర్యదేవాలయం కట్టినది ఈ జాతి రాతితోనే. ఎండా వానా యుగాల తరబడి పనిచేసి, ఇందులోని ఫెల్‌స్పార్ అనే ఖనిజాన్ని సుద్దమట్టిగా మార్చేస్తాయి. గార్నెట్ గింజలు మాత్రం లొంగవు. విశాఖ తీరాన ఇసుకలో అక్కడక్కడా ఎర్రటి జీరలు కనిపిస్తాయే, అవి కొండలనుంచి గెడ్డలు మోసుకొచ్చి పోసిన గార్నెట్ గింజలే. అంచేత పైన పుచ్చిన రాయి, దానికింద పగుళ్ళువారిన రాయి, ఆ కింద సందులేని గట్టి రాయి. పుచ్చిన రాతిలో నీరు నిలవ వుంటుంది, పగుళ్ళలో నడుస్తుంది, గట్టి రాతిమీద ఆగిపోతుంది. కొండ పాదం దాటి ఇసుకలోకి వచ్చాక దానికి మరికాస్త చోటు దొరుకుతుంది.

పడిన వానలో ఇంకేది ఎంత? మన భూగర్భ జలశాఖలవారు వేసుకునే లెక్కలో కొండరాతి నేలల్లో సుమారు పదోవంతు, తూర్పుతీరపు ఇసుక నేలల్లో ఆరోవంతు దాకా. తక్కినది పారిపోతుంది, ఆవిరవుతుంది, చెట్లు తాగేస్తాయి. విశాఖలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన. ఒక ఎకరం మీద అంత వాన పడితే నలభై లక్షల లీటర్లు! అందులో పదోవంతయినా నాలుగు లక్షల లీటర్లు. నేల ఏమీ పిసినారి కాదు. కాని దానికి వ్యవధి కావాలి. ఆకులమీద పడి, కొమ్మలు జారి, రాలిన చెత్తలో ఆగి దిగే చినుకు ఇంకుతుంది. బోడినేల మీద పడ్డది పరుగెత్తుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటి ఈ కొండల చెట్లను నిలువునా విరిచేసింది. ఆ తరవాత రెండు మూడేళ్ళు గెడ్డ మరీ ఎర్రగా వచ్చేదనీ, వచ్చినంత తొందరగానూ ఎండిపోయేదనీ మా అక్క చెప్పింది. "ఆ రెండేళ్ళూ నూతిలో ముళ్ళు ఎక్కువ పట్టాయి" అంది.

ఈ ముళ్ళ సంగతి చెప్పనేలేదు గదూ. మా అక్క అత్తగారు నూతి చేంతాటికి మూరకొక ముడి వేసి వుంచేది. చేద నీళ్ళను తాకేసరికి ఎన్నో ముడి చేతిలో వుందో చూసుకునేది. కార్తీకమాసంలో ఏడో ముడి, రోహిణీకార్తెలో పధ్నాలుగో ముడి. తాళ్ళు ఎన్నిసార్లు మారినా ముళ్ళు మారలేదు. అత్తగారు పోయాక అక్క ఆ లెక్క అందుకుంది. లెక్చరరుగారు ఇది విని నూతి గట్టుమీదే కూలబడ్డారు. "మాస్టారూ, ముప్ఫై ఏళ్ళ నీటిమట్టం ఈమె నోట్లో వుంది. మా డిపార్టుమెంటులో లేదు!" అన్నారు. మా అక్క సిగ్గుపడి ఉప్మా కలపటానికి లోపలికి వెళ్ళిపోయింది.

విద్యార్థులు మూడుకాళ్ళ యంత్రమూ, గీతల కర్రా పట్టుకుని సముద్రపు ఒడ్డునుంచి నూతిదాకా ఎత్తులు కొలిచారు. నూతి గట్టు సముద్రమట్టానికి ఇరవయ్యయిదు అడుగుల ఎత్తున వున్నట్టు తేలింది. పధ్నాలుగు మూరలంటే ఇరవయ్యొక్క అడుగులు. అంటే నడివేసవిలో నూతి నీరు సముద్రంకన్న నాలుగు అడుగుల ఎత్తున మాత్రమే వుంటుంది. ఈ నాలుగు అడుగుల దగ్గరే అసలు కథ వుంది.

మంచినీరు ఉప్పునీటికన్న తేలిక. వెయ్యి లీటర్ల మంచినీరు వెయ్యి కిలోలయితే, వెయ్యి లీటర్ల సముద్రపు నీరు దాదాపు వెయ్యిన్నీ ఇరవయ్యయిదు. అంచేత తీరాన నేలకింద మంచినీరు ఉప్పునీటిమీద తేలుతూ వుంటుంది, బరువెక్కిన పడవలాగా. పడవ పైకి కనిపించేది కొంచెం, మునిగివున్నది చాలా. పంతొమ్మిదో శతాబ్దం చివర బాదోన్ గైబెన్ అనే డచ్చి ఇంజనీరూ, 1901లో హెర్జ్‌బర్గ్ అనే జర్మనూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఈ లెక్క తేల్చారు. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరుంటే, కింద నలభై అడుగుల మంచినీరుంటుంది. మా అక్క నూతి దగ్గర నాలుగు అడుగులు గనక కింద నూటఅరవై అడుగులు. ఆ కింద సముద్రం.

"ఇప్పుడు బోరు లెక్క చూడండి" అన్నారాయన. "రెండువందల అడుగుల బోరంటే సముద్రమట్టానికి కిందకు నూటడెబ్బైఅయిదు. వేసవిలో దాని అడుగు ఉప్పునీటిలోనే వుంటుందన్నమాట. పోనీ నూటయాభై అడుగులకే ఆపారనుకోండి. మోటారు పెట్టి గట్టిగా తోడితే పైమట్టం ఒక అడుగు దిగుతుంది. మనకది ఒక్క అడుగే. ఆ ఒక్క అడుగు శాశ్వతంగా దిగితే కింద ఉప్పునీరు నలభై అడుగులు పైకి వస్తుంది. అదీ నెమ్మదిగా, మీకు తెలియకుండా, రెండు మూడేళ్ళ మీద."

రాతి నేలలో ఈ లెక్క అచ్చంగా కుదరదనీ, పగులు ఎటు పోతే నీరు అటు పోతుందనీ కూడా ఆయన చెప్పారు. ఒక్కొక్కచోట మరింత తొందరగానే ఉప్పు రావచ్చు, ఒక్కొక్కచోట రాకనూపోవచ్చు. మేనల్లుడు మాట్లాడలేదు. దిగువింటాయన మల్లెపాదులు వాడికి గుర్తుకొచ్చినట్టున్నాయి. చెన్నపట్నానికి ఉత్తరాన మింజూరు వైపు ఎడాపెడా బోర్లు తోడి, సముద్రాన్ని నేల అడుగున మైళ్ళకొద్దీ లోపలికి పిలుచుకున్నారట. అట్లా వచ్చిన ఉప్పు వెళ్ళిపోవటానికి తరాలు పడుతుంది.

"వచ్చింది రెండేళ్ళలో గదా, పోవటానికి తరాలెందుకు?" అన్నాను నేను. మోటారు బలంతో లాక్కొచ్చినదాన్ని వాన తన నడకతోనే తోసెయ్యాలట. ఆ నడక ఎంతో 1856లో ఫ్రాన్సులో దిజోఁ పట్టణానికి నీళ్ళు తెచ్చిన ఇంజనీరు హెన్రీ దార్సీ తేల్చాడు. నిలువు గొట్టంలో ఇసుక పోసి నీళ్ళు వదిలి చూశాడు. రెండు కొసల నీటిమట్టాల మధ్య తేడా ఎంత ఎక్కువయితే నీరు అంత జోరుగా నడుస్తుంది. దారి ఎంత పొడుగయితే అంత మెల్లగా. సముద్రతీరాల్లో ఆ వాలు బహు స్వల్పం. అంచేత ఇసుకలోనే నీరు రోజుకు జానెడో మూరెడో నడుస్తుంది. సుద్దమట్టిలో ఏడాదికి అంత నడిస్తే గొప్ప.

ఆ వూళ్ళో నూతులు తవ్వి తవ్వి నడుం వంగిన పెద్దాయన ఒకడున్నాడు. మా మాటలు వింటూ గోడవార కూర్చున్నాడు. ఆయన ఇదంతా ఒక్క ముక్కలో తేల్చేశాడు: "నీరు పరుగెట్టేది కొండమీదే బాబూ. నేల్లోకి దిగినాక పాకతాది. పాకేదాన్ని సెయ్యట్టి లాగితే అది రాదు, పక్కనున్న ఉప్పొస్తాది."

లెక్చరరుగారు తన నోటుబుక్కు తీసి ఆ మాట రాసుకున్నారు.

సాయంకాలం సముద్రం వెనక్కు తగ్గినప్పుడు ఆయన మమ్మల్ని ఒడ్డుకు తీసుకువెళ్ళారు. అలలు వదిలిపెట్టిన తడి ఇసుకకు ఎగువన, పొడి ఇసుక మొదలయ్యేచోట ఒక విద్యార్థి చేతులతో చెలమ తీశాడు. మోచేతి లోతున నీరు ఊరింది. రుచి చూస్తే కొంచెం చప్పగా వుందే తప్ప ఉప్పు లేదు. అక్కడికి ఇరవై అడుగుల్లో అలలు విరుగుతున్నాయి. కొండమీద పడిన వాన, రాతి పగుళ్ళలో దిగి, ఇళ్ళ కిందనుంచీ కొబ్బరి వేళ్ళ మధ్యనుంచీ పాక్కుంటూ వచ్చి, అక్కడ సముద్రంలో కలిసిపోతోంది. "ఇట్లా ఊరికే కలిసిపోతోంది గదా, నష్టమే గదా?" అన్నాడు మేనల్లుడు ఆశగా. "ఆ బయటికి తోసే నీరే సముద్రానికి వేసిన తలుపు. అది ఆగితే తలుపు తీసినట్టే" అన్నారాయన. వాడు ఇసుకలో కాలితో గీతలు గీస్తూ నిలబడ్డాడు. పాపం, వాడి నాలుగు గదులూ ఆ గీతల్లోనే వున్నాయి. నాకు జాలి వేసింది. ఏ వయసులోనయినా సరే, మనం లెక్క వేసుకున్న బతుకును వేరొకరు వచ్చి నలభై పెట్టి గుణిస్తే కష్టంగానే వుంటుంది.

ఇక్కడ ఒక మాట. కొండకు ఇవతల మేం ఈ నాలుగు అడుగుల నీటికోసం తలలు పట్టుకున్నాం. అవతలి వైపున వున్న ఉక్కు కర్మాగారానికి నీళ్ళు ఏలేరు కాలువలో నూటయాభై కిలోమీటర్లు దాటి వస్తాయి; గోదావరి నీరు కూడా ఆ దారినే కలుస్తుంది. నగరం తాగే నీళ్ళూ అంతే. ఒకప్పుడు ముడసర్లోవ చాలింది. తరవాత గోస్తనీ నది ఇసుకలో నూతులు తవ్వి తోడారు, తాటిపూడి జలాశయం కట్టారు, మేఘాద్రిగెడ్డకు అడ్డం వేశారు, రైవాడనుంచి తెచ్చారు. ఒక్కొక్క తరం ఒక్కొక్క కొండ దాటి అవతలికి పోయింది. అంత దూరంనుంచి తెచ్చుకునే స్తోమత మా అక్క పెరటికి లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర తండ్రీ కొడుకులు ఆరు నెలల తరవాత మాట్లాడుకున్నారు. మాట్లాడుకోవటమేమిటి, పోట్లాడుకున్నారు, అయినా మేలే. చివరకు తేలింది ఇది. బోరు లేదు. నాలుగు గదులు కాదు, రెండు. పాత నుయ్యి లోతు చెయ్యకూడదు. కొండవైపు పెరటి మూలలో అంతే లోతున మరో నుయ్యి, ఒరలు దింపి, తవ్వాలి. రెండింటికీ చిన్న మోటార్లే. పొద్దున గంట, సాయంత్రం గంట, మధ్యలో విశ్రాంతి. ఒక్కచోట గట్టిగా లాగటంకన్న రెండుచోట్ల మెల్లగా తీసుకోవటం మంచిదని లెక్చరరుగారి సలహా. కొత్త గదుల డాబామీద పడే వాననీటిని గొట్టంతో తెచ్చి, గులకరాళ్ళు నింపిన గోతిలోకి దింపాలి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఏడాదికి తొంభై వేల లీటర్లకు పైగా పడుతుంది. అయిదుగురున్న ఇంటికి రోజుకు అయిదువందల లీటర్ల చొప్పున ఆరు నెలల వాడకం అది. "అదంతా ఇన్నాళ్ళూ వీధిలోకి పోయిందా!" అని బావగారు నిజంగా బాధపడ్డారు. ఆయనకు అప్పుకన్న ఎక్కువ బాధ కలిగించిన విషయం నేను చూడటం అదే మొదలు. మరుగుదొడ్డి గొయ్యి మాత్రం నూతులకు దిగువన, దూరంగా వుండాలని అక్క పట్టుబట్టింది. ఆ మాట మాలో ఎవరికీ తోచలేదు.

రెండు గదులూ సంక్రాంతికి తయారయ్యాయి. అప్పు ఇంకా వుంది. గదులు శని, ఆదివారాలు నిండుతున్నాయి, తక్కిన రోజుల్లో ఖాళీ. మేనల్లుడు నామీద కొంచెం కినుకగానే వున్నాడనుకుంటాను. "మావయ్యా, నువ్వు మధ్యలో రాకపోతే నాలుగు గదులయ్యేవి" అని నవ్వుతూ అంటాడు గాని, ఆ నవ్వు పూర్తిగా నవ్వు కాదు. గోడమీద మాత్రం సున్నంతో గీతలు గీసి, అక్క చెప్పే ముడి లెక్క వారం వారం రాస్తున్నాడు.

మొన్న రోహిణీకార్తెలో అక్క ఫోను చేసింది.

"పధ్నాలుగో ముడే తమ్ముడూ. తియ్యగానే వుంది."

"హమ్మయ్య" అన్నాను.

"హమ్మయ్య కాదు. మన గోడకవతల వాళ్ళింటి ముందు పొద్దున్నే బోరు లారీ వచ్చి ఆగింది. వాళ్ళకూ సముద్రం వడకట్టుకు వస్తుందనే నమ్మకం. మీ బావగారు వెళ్ళి మాట్లాడుతున్నారు గాని, ఆయన మాట ఎవరు వింటారు? ఆదివారందాకా ఆగమన్నాం. నీ స్నేహితుణ్ణి తీసుకుని రా. ఆ గ్లాసూ, ఇసుకా కూడా తీసుకురా."